ముందు అత్త, తర్వాత కోడలు

కడపలో ఆన్‌లైన్ వ్యాపారం మీద జరుగుతున్న చిన్న సదస్సులో టీ విరామం ఇచ్చారు. ఇంట్లో దంచిన వేరుశెనగ పొడి అమ్ముకునే రమ్యశ్రీ, వేంపల్లె నుంచి వెంటబెట్టుకొచ్చిన అత్త దగ్గరికి గబగబా వచ్చింది.

“అత్తా, మన చెనిక్కాయల పొడి గురించి స్టేజీ ఎక్కి చెప్పమంటాండారు, వీడియో తీసి ఆన్‌లైన్లో పెడతారంట. నేను పోయేదా?”

“నువ్వొద్దు.”

రమ్యశ్రీ ముఖం వాడిపోయింది. కోడలి మొహం ఫోన్లో కనబడకూడదని ఇంట్లో పట్టుబట్టిందీ అత్తే.

“ఊర్లో ఏమనుకుంటారోననేనా?”

“అనుకునేదేందో ముందు నన్నే అనుకోనీ పాపా. అత్తే ఫోన్లో కనపడినాక కోడల్ని అనేదెవరు?”

“ఇంతమంది ముందర మాట్లాడతావా అత్తా?”

“మాట్లాడతా. దంచేది నేనే గదా. ఈ కొంగు సరిజెయ్యి.”

రమ్యశ్రీ నవ్వుతూ అత్త కొంగు సర్దింది.

“మరి రేపట్నుంచి మనింట్లో తీసే వీడియోల్లో?”

“రేపట్నుంచి నువ్వు చెప్పు, నేను ఫోను పట్టుకుంటా.”