లైటు వెలిగితే లేవాలి

కోరమంగళలో ఒక పిల్లల క్రెష్, 2003. మధ్యాహ్నం, పిల్లలు పడుకున్న వేళ. క్రెష్ నడిపే వరూధిని, టీచరు మార్త.

"మళ్ళీ చెప్పండి మేడం, ఎవరు లేస్తాండేది?"

"ఓంకార్ గారి పాప. ఇంట్లో మోడెమ్ లైటు వెలిగినప్పుడల్లా లేచి నిలబడుతోందట. అన్నం తింటూ తింటూ లేస్తోందట. వాళ్ళమ్మ శ్రీజ గారు పొద్దున్నే ఫోను."

"మంచి అలవాటే కదా మేడం."

"మార్తా."

"సుమ్నే, ఊరికే అన్నా మేడం. పిల్లలన్నాక ఏదో ఒకటి ఆడుకుంటారు."

"గోడ మీద మన వెబ్‌క్యామ్ ఉంది కదా."

"ఉండాది."

"అది ఫోటో తీసే ముందు ప్రతిసారీ లైటు వెలుగుతుంది కదా."

"వెలుగుతుందా మేడం? నేనెప్పుడూ…"

"పేరెంట్స్ ఆఫీసులో చూసేది ఆ ఫోటోలే కదా. లైటు వెలగ్గానే నువ్వు లేస్తున్నావు. ఆరగానే కూర్చుంటున్నావు. నిన్ను చూసి పిల్లలందరూ లేస్తున్నారు. అవునా, కాదా?"

"అందరూ లేవరు మేడం. చిన్నోళ్ళకి నిలబడేది ఇంకా రాదు."

"ఇది జోకా?"

"కాదు మేడం. నేను చూడకపోయినా ఆ పాపే చూసి చెప్తుంది, 'ఆంటీ, లైట్' అని. శానా మంచి పాప."

"ఆంటీ కాదు, టీచర్ అనాలి. బ్రోచర్‌లో టీచర్ అనే వేశాం."

"టీచర్ అనేదానికి నాకు కాళ్ళుండొద్దా మేడం? చూడండి, ఎట్ల వాచినాయో. చెప్పుల్లో పట్టడంలే. డాక్టరమ్మ నిలబడొద్దు అనింది. ఆ రూము టీచరు మమత మానేసినప్పటి నుంచి రెండు రూములకీ నేనొకదాన్నే. ఒక్క కుర్చీ వేయించండి, చాలు."

"కుర్చీ వేస్తే ఫోటోలో పడుతుంది."

"పడితే ఏం?"

"టీచర్లు కూర్చుంటారని అనుకుంటారు."

"వాళ్ళు ఆఫీసులో నిలబడుకోని చూస్తారా మమ్మల్ని?"

"వాళ్ళ పని వేరు."

"పోనీ, పిల్లలు పడుకున్నప్పుడైనా? నిద్రపోయేవాళ్ళని నిలబడి చూస్తే ఏం, కూర్చుని చూస్తే ఏం?"

"నిలబడితే సూపర్‌విజన్. కూర్చుంటే రెస్ట్."

"అది కూడా బ్రోచర్‌లో వేసినారా?"

"వేశాం."

"మొన్న బాత్రూముకి పోయొస్తే కూడా ఫోనొచ్చింది మేడం, టీచర్ కనబడలేదని. అక్కడ కూడా ఒక కెమెరా పెట్టిస్తే వాళ్ళకి నిమ్మళం."

"మాటలు ఎక్కువవుతున్నాయి."

"బొమ్మనహళ్ళి గార్మెంట్స్‌లో మిషన్ కుట్టేదాన్ని. అక్కడ సీట్లోంచి లేస్తే సూపర్‌వైజరు తిట్టేటోడు. ఇక్కడ కూర్చుంటే మీరు తిడతారు. నడుము మాత్రం నాకు ఉండేది ఒక్కటే."

"అయితే అక్కడికే వెళ్ళు."

"దాన్ని మూసేసినారు మేడం."

"కదా. అందుకే చెప్తున్నా, విను. శ్రీజ గారికి నేను మాటిచ్చేశాను. ఇకమీద ఆ ఫోటోలో ఎవరు కూర్చుని కనిపించినా అదే రోజు పంపించేస్తానని."

"ఎవరైనానా?"

"ఎవరైనా సరే. ఆవిడ మంచిగా చెప్తేనే వాళ్ళ ఆఫీసువాళ్ళ పిల్లలు మన దగ్గర చేరేది."

"నేను ఏడికి పోయేది మేడం? ఈ పని పోతే నాకు ఇంకోటి లేదు."

"అందుకే కూర్చోకు. సింపుల్… అబ్బా!"

"ఏమాయె?"

"మోకాలు. పెళ్ళి నుంచి నేరుగా వస్తున్నా. అక్షింతల కోసం ఎంతసేపు నిలబెట్టారో. ఆ పిల్లల స్టూలు ఇటు జరుపు."

"అందుకేనా పట్టుచీర. నెమలికంఠం రంగు మీకు బాగుంది మేడం."

"మాట మార్చకు. జరుపు."

"ఆడ వద్దు మేడం, కెమెరాలో పడతారు."

"పడితే వీపే కదా పడేది. నా క్రెష్, నా స్టూలు. హమ్మయ్య… చూడు మార్తా, నిలబడడం అనేది అంతా మనసులో ఉంటుంది. ఒకసారి అలవాటైతే కాళ్ళకి తెలీదు."

"మేడం, లైటు."

"వెలగనీ."

"వెలిగి ఆరిపోయింది కూడా."

"ఆ పిల్లకి నేర్పిన ఆట నాకు నేర్పకు. ఏమంటున్నాను? ఆ, అలవాటు. ఓపిక ఉండాలి. నన్ను చూడు, ఈ వయసులో… ఫోను. తియ్యి, తియ్యి, పిల్లలు లేస్తారు."

"హలో… ఆ, మార్తనే మేడం… లేదు, నేను నిలబడే ఉండాను… అవును, కనబడతాండానా?… నా పక్కనా?… లేదు మేడం, కొత్త టీచర్ ఎవరూ… చీరా?… ఆ… ఆ… ఒక్క నిమిషం ఉండండి, అడిగి చెప్తా."

"ఎవరు?"

"శ్రీజ మేడం. నెమలికంఠం చీర కట్టుకోని ఎవరో కూర్చుని ఉండారంట. మీరు మాటిచ్చినారంట కదా, ఈ రోజే పంపించేయమంటాండారు. సరేనని చెప్పేదా మేడం?"