ఏడు కుప్పలు, ఐదు కుప్పలు

ఎర్రన్న పెళ్ళాం కొండమ్మి ఉందనుకో, మొగుడు మూడేళ్ళుగా ఇంట్లో లేడంట. పడమటి సముద్రం పక్క ఎక్కడో, ఎవరి బోటు మీదకో కూలికి వెళ్ళిపోయాడు. ఇది రోజూ పొద్దుగూకే వేళ ఒడ్డుకెళ్ళి కూర్చునేది. మనది తూర్పు సముద్రం కదా, ఆడు నీళ్ళమీంచి రాడు, వస్తే బస్సు దిగే వస్తాడు. తెలుసు దానికి. అయినా నీళ్ళకేసే చూసేది. నవ్వకండి, మీరైనా అంతే. మరి ఎందుకెళ్ళాడంటే, ఊరందరిదీ ఒకటే మాట. వలలు బాగుచేసే పెంటమ్మని ఓ ఒంటి ముసలిది ఉండేది, అది వల ముడిలో చిల్లంగి, అదే చేతబడి, కట్టేసిందంట, దాంతో చేప పడక ఆడు వెళ్ళిపోయాడంట. చేప పడకపోతే, అదిగో పెంటమ్మ. మరి నిన్న పడింది కదా అంటే, మనకి అనుమానం రాకుండా ఓ ముడి వదులు చేసిందిరా అనేవోరు. ఇంక ఆ మాటని ఎటునుంచి పట్టుకుంటావు చెప్పు? అందరికంటే గట్టిగా నమ్మింది కొండమ్మే. పెంటమ్మ పోతే ఎర్రన్న వస్తాడని. మంగళవారం గుడిసె పీకేసి ముసలిదాన్ని ఊరు దాటిద్దామని అనుకున్నారు.

ఏమైందంటే, ఆ మంగళవారం పొద్దున్నే పెద్దవల లాగితే కదల్లేదు, అంత చేప. పడ్డ చేపని వాటాలకి కుప్పలు పెట్టడం కొండమ్మి పని, లెక్కలో అది దిట్ట. పన్నెండు కుప్పలు. పడవకి నాలుగు, వలకి మూడు, పడవా వలా దానయ్యవే, అంటే ఏడు కుప్పలు దానయ్యకి. మిగిలిన ఐదూ లాగిన పదిమందికి. మనిషికి అరకుప్ప. పెడతా పెడతా దాని చెయ్యి ఆగిపోయిందంట. మా ఆయన వెళ్ళిన రోజు కూడా ఇంత చేపే కదా పడింది, అనుకుంది. చేప లేక వెళ్ళలేదే ఆడు. అరకుప్ప తట్టలో ఏసుకొచ్చి, ఇంత పడ్డ రోజునే మనకి ఇంతే అయితే ఇంకెప్పుడు బాగుపడతామే, అని బస్సెక్కాడు.

"దానయ్య మావా, ఏడు కుప్పలు నీకని ఎవరు పెట్టారు?" అని అడిగింది. "ఎవరు పెట్టడమేటే పిల్లా, మా అయ్య నాడూ అంతే, ఆళ్ళయ్య నాడూ అంతే." ఎంటనే ఒకడు లేచి, అయితే చిల్లంగి దానయ్యదే, గుడిసె ఒదిలీసి ఆళ్ళ మేడ మీదకి పోదాం పదండి అన్నాడు. "కూర్చోరా," అంది కొండమ్మి. "మావ ఏ ముడీ కట్టలేదు. ఆ పడవ నీకిస్తే నువ్వూ ఏడే తీస్తావు, నాకిస్తే నేనూ ఏడే తీస్తాను. ఎవరూ కుట్ర పన్నక్కర్లేదు, పొద్దున్నే లేచి ఎప్పట్లాగే కుప్పలు పెడితే చాలు. మూడేళ్ళుగా పెట్టింది నా చేతులే."

అంతలో పెంటమ్మ మూట కట్టుకుని తనే ఒడ్డుకొచ్చింది, ఎప్పుడు పీకుతారో అడుగుదామని. "నా ముడికి అంత బలముంటే, మా ఆయన్ని మింగేసిన ఆ తుపానులోకి ఆయన్ని వెళ్ళనిచ్చేదాన్నటే?" అంది. కొండమ్మి ఆ మూట తన నెత్తికెత్తుకుని, ముసలిదాన్ని దాని గుడిసెకే తీసుకెళ్ళింది.

ఆ తరవాత వాటా పెంచమని పదిమందీ రెండు నెలలు వల ముట్టలేదు, పస్తులున్నారు. ఆఖరికి దానయ్య ఒక కుప్ప ఆళ్ళకేసి జరిపాడు. ఏడు, ఆరైంది. ఎర్రన్న వచ్చాడా అని కదా మీ చూపు? రాలేదు. కొండమ్మి పన్నెండూ పెట్టేశాక పక్కన ఇసకలో చేత్తో ఓ గుంట తీస్తాది, అది ఆడి వాటా. అల వచ్చి పూడ్చీసి పోతాది, మర్నాడు మళ్ళీ తీస్తాది. గుడిసె పీకడానికి ఒక్క పూట చాలు నాయనా. మిగతా కుప్పలు జరపడానికి ఎన్నేళ్ళో, ఆ లెక్క కొండమ్మికే రాలేదు, నాకేం వస్తాది.