ఒళ్ళు వదిలేయడం

1995 వేసవి. నాగలమడికలో ఒక ఇంటి నడవ. దాసమ్మ విత్తనానికి వేరుశనగ కాయలు ఒలుస్తోంది. బెంగుళూరు నుంచి వచ్చిన తమ్ముడు కదిరయ్య టేపురికార్డరు పక్కన నిలబడ్డాడు.

“నవ్వొద్దక్కా. నువ్వు నవ్వితే నేను ఆడను.”

“నవ్వలేదురా కదిరీ. పాట యాడ మొదలైతాదా అని చూస్తాండా.”

“ఇదే పాట. మాటలుండవు. కంప్యూటర్ మ్యూజిక్ ఇది.”

“బోర్లో నీళ్ళందకపోతే మోటరు ఇట్లే కొట్టుకుంటాది.”

“పార్టీలల్ల ఇప్పుడు ఇదే. మా డాన్సు ట్రూపు మాస్టరు చెప్పేసినాడు. సోమవారం లోపల ఫ్రీస్టైల్ రాకపోతే ఇంక రావద్దని.”

“రావద్దంటే?”

“అంటే ఈడే. నీ పక్కన కూచోని కాయలు ఒలుచుకుంటా, వానకు మోడం పడుతుందా అని ఆకాశం చూసుకుంటా.”

“ఫ్రీ అంటే ఊరకేనా?”

“ఊరకే కాదు. స్టెప్పులుండవు. ఒళ్ళు వదిలేయాల, అంతే.”

“వదిలేసేదానికి నేర్చుకునేదేముందిరా?”

“అదే రావడంలేదు.”

“మరి ఇన్నాళ్ళూ ఏమాడినావు?”

“రోబో. మిషను మనిషి మాదిరి. మెడ తిప్పకూడదు, మనిషంతా తిరగాల. చేతులు సగంలో నిలిచిపోవాల. అందరూ నెలల తరబడి నేర్చుకుంటారు. నాకు దానంతట అదే వచ్చింది. ఏం చప్పట్లనుకున్నావు.”

“నవ్వుకుంటా ఆడతావా?”

“నోరు మూసుకునే ఆడతా. మన గారపట్టిన పండ్లు ఎవురికీ కనపడవు. మిషనుకు నవ్వేముంది.”

“ఏదీ, ఆడు.”

“ఇట్ల. చూసినావా? ఇట్ల... ఏందక్కా, ఒలిచేది నిలిపేసినావు?”

“ఏం లేదు. నాయన చేనికి పోతాండట్ల ఉండాది.”

“పో అక్కా.”

“పిలిస్తే నాయన కూడా మెడ తిప్పడు. మనిషంతా తిరుగుతాడు.”

“నాయనకు యాభై దాటె. నాకు ఇరవైమూడు.”

“సరే, సరే. ఆ వదిలేసేది చూపించు.”

“అది వస్తే ఈడికెందుకొస్తా? నువ్వు ఆడు, చూస్తా.”

“ఇద్దరు బిడ్డల తల్లిని, నేనాడేదేందిరా?”

“తలుపు మూసే ఉండాది కదా. మోటరు కొట్టుకున్నట్ల ఒళ్ళు పోనీ.”

“ఇట్లనా?”

“ఆగక్కా. మళ్ళా ఒకసారి చెయ్యి.”

“తప్పా?”

“తప్పు కాదు. మాస్టరు చెప్పింది అదే. నీకెవరు నేర్పిరక్కా?”

“కాయలు చెరిగేటప్పుడు భుజాలు ఆడవా? రా, నువ్వూ రా. చేతులు తలమీదికి ఎత్తు.”

“ఎత్తినా.”

“ఇంకా.”

“చాల్లే. ఇదొక స్టైలు.”

“గడ్డం రొమ్ముకు తగిలించు.”

“ఎందుకు?”

“పోయినేడు డాక్టర్లు వచ్చి నాయనతో అట్లే చేయించినారు. తగల్లేదు. మన బోరు నీళ్ళల్ల ఫ్లోరైడు ఎముకల్లో చేరి గట్టిపడతాదంట. నేను అవ్వోళ్ళ ఊర్లో ఏటి చెలమ నీళ్ళు తాగి పెరిగితి. నువ్వు పుట్టినప్పట్నుంచి...”

“పార్టీలో గడ్డం రొమ్ముకు ఎవురు తగిలించమంటారక్కా?”

“తగిలించు, కదిరీ.”

“పాట పోతాండాది కదా. అయిపోనీ.”

“ఇదో, టేపు నిలిపేసినా.”

“సోమవారానికి వచ్చేస్తాదిలే. ఇంకా రెండు దినాలుండాయి.”

“వస్తాదిలేరా. ఇంక ఆ రోబో చాలిచ్చి, మామూలుగా నిలబడు.”

“మామూలుగానే నిలబడుండానక్కా.”