మూడో ఆంటెనా దారి

బొల్లాపల్లి అవతల, కంది చేల మధ్య ఒక రేకుల షెడ్డు. దాని చుట్టూ, ఊళ్ళో మాట చెల్లే రైతు చెన్నకేశవులు ఇచ్చిన బీడులో, ఆకాశం నుంచి వచ్చే రేడియో అలల్ని పట్టే ఆంటెనాలు. వాటిని చూసుకునే మెకానిక్ షఫీక్ పొద్దెక్కినా ఇంటికి రాలేదని అతని భార్య మెహరున్నీసా వెతుక్కుంటూ వచ్చింది. పరిశోధన చేసే ప్రీతి, చెన్నకేశవులుకు వరసకు అన్న కూతురు, కుర్చీ చూపిస్తుంది, టీ పోస్తుంది, అడిగినదానికి మాత్రం జవాబు చెప్పదు.

"టీ వద్దన్నాగా. ఆయన ఏడి?"

"కూర్చో మెహరక్కా. ఎండన పడి వచ్చావు."

"కూచోను. షబ్నం బ్యాగేసుకుని గుమ్మంలోనే ఉంది, నాన్న వచ్చి బడికాడ దింపుతాడని. ఫోన్ చేస్తంటే మోగుతా ఉంది, ఎత్తడంలా."

"ఫోన్ ఇక్కడే ఉందక్కా, ఆ బల్ల మీద. ఆంటెనాల దగ్గరికి ఫోన్లు తీసుకెళ్ళకూడదు కదా. అన్న ఎప్పుడూ ఇక్కడే పెట్టి వెళతాడు."

"మోగుతా ఉంటే నువ్వన్నా ఎత్తొచ్చుగా."

"రికార్డింగు నడుస్తోంది."

"నడిస్తే? ఎత్తి ఒక్క మాట చెబితే ఏం పోయింది?"

"అదొక చచ్చిపోయిన నక్షత్రం అక్కా. పల్సార్ అంటారు. గిర్రున తిరుగుతూ టిక్కు టిక్కుమని రేడియో అలలు పంపుతుంది. అవి మన దాకా వచ్చే దారిలో, పాలపుంతలో ఉండే అయస్కాంత క్షేత్రం వాటిని మెలితిప్పుతుంది. ఎంత మెలిపడ్డాయో చూస్తే ఆ క్షేత్రం ఎటు పోతుందో, ఎంత బలంగా ఉందో..."

"నేనేం అడిగా, నువ్వేం చెప్తున్నావు? అంత దూరాన దారిలో ఏముందో తెలుస్తది నీకు. మా ఆయన ఏ దారిన పోయాడో తెలియదా?"

"మూడో ఆంటెనాకి వెళ్ళాడు."

"ఎప్పుడు?"

"రాత్రి. కేబుల్ వదులై సిగ్నల్ ఆగిపోయింది. బిగించి వస్తానన్నాడు."

"బిగించాడా?"

"బిగించాడక్కా. కాసేపటికి వచ్చింది సిగ్నల్. చాలా బాగా వచ్చింది."

"అయితే అక్కడిదాకా బాగానే చేరాడుగా. మరి తిరిగి రాలేదేంది?"

"అక్కడే పడుకున్నాడేమో."

"పాములు తిరిగే చోట పడుకుంటాడా? ఏం మాటలమ్మా అవి? బండ్ల బాటన పోయాడా, మీ చెన్నకేశవులు బాబాయి చేలోంచి పోయాడా?"

"నేనెప్పుడూ బాటనే పొమ్మంటాను."

"నువ్వనేది కాదు, ఆయన పోయేది అడుగుతున్నా. బాటంటే చానా చుట్టు. మీ రికార్డింగప్పుడు చేలల్లో కరెంటు తీస్తారని, పందులు రాకుండా కట్టిన కరెంటు తీగలో ఏం ఉండదని, అందరూ చేలో పడే పోతారు. ఆయనా అంతే."

"తెలుసక్కా."

"రాత్రి రికార్డింగు ఉందిగా?"

"ఉంది."

"అంటే కరెంటు లేదుగా?"

"టీ చల్లారిపోతోంది."

"ప్రీతీ, నా మొహం చూసి చెప్పు. కరెంటు లేదుగా?"

"మూడో ఆంటెనా లేకపోతే ఆ రికార్డింగు దండగ. అది బాగయ్యేదాకా ఊరికే ఉండటమెందుకని... కంది ఎండిపోతుందని బాబాయి రోజూ మొత్తుకుంటున్నాడు కదా..."

"ఫోన్ చేశావా?"

"కాసేపు మోటారు వేసుకోమన్నాను. మోటారనే అన్నానక్కా. తీగ మాటే ఎత్తలేదు."

"ఆ మోటారు డబ్బాలోంచేగా తీగకు కరెంటు పోయేది. ఊళ్ళో ఎవరూ పైకి అనరు గానీ, నీకు తెలియదా?"

"ఆ నిమిషాన తట్టలేదు."

"మా ఆయన చేలో ఉన్నాడని కూడా తట్టలేదా?"

"నా కళ్ళన్నీ సిగ్నల్ మీదే ఉన్నాయక్కా."

"సరే, నీ మిషనుకు అన్నీ వినపడతాయంటావుగా. ఏం వినపడింది?"

"కరెంటు రాగానే గుయ్యిమని రొద. నక్షత్రం అలలన్నీ అందులో మునిగిపోయాయి."

"తర్వాత?"

"వద్దక్కా."

"తర్వాత ఏందంటే చెప్పవే?"

"ఉన్నట్టుండి పటపటమని పెద్ద చప్పుడు. ఫ్యూజు కొట్టేసింది, రొద ఆగింది. అప్పుడు తెలిసింది మూడో ఆంటెనా బాగైందని. ఎప్పుడూ రానంత శుభ్రంగా వచ్చింది సిగ్నల్."

"ఆ చప్పుడేందని లేచి చూడలా?"

"పంది తగిలిందనుకున్నా."

"అనుకున్నావా?"

"అనుకోవాలనుకున్నా. లేచి పోతే అది పంది కాదని తేలుతుందేమోనని భయమేసింది. తెల్లారేదాకా ఇక్కడే, ఈ కుర్చీలోనే ఉన్నా."

"ఇప్పుడెట్టా ఉంది నీ సిగ్నలు? శుభ్రంగానే ఉందా?"

"ఉంది."

"అంటే తీగలో కరెంటు లేనట్టేగా. లే, పోదాం. షాకు కొట్టి స్పృహ లేకుండా పడున్నాడేమో. గొంతు తడారిపోయుంటది, ఆ నీళ్ళ బాటిలు తీసుకో. లేవే."

"వద్దక్కా, ఆగు."

"చెయ్యి ఒదులు. మనిషి అక్కడ పడుంటే ఆగమంటావేంది?"

"కాసేపక్కా. నీ కాళ్ళు పట్టుకుంటా."

"తలుపుకు అడ్డం లే ప్రీతీ. దేనికి ఆగాలి నేను?"

"తెల్లారగానే నేను పోయి చూసొచ్చానక్కా. తన మనుషులు ఎవరి కంటా పడకుండా ఆ తీగ చుట్టేసేదాకా నిన్ను ఇక్కడే కూచోబెట్టమన్నాడు బాబాయి."