ఓబులమ్మ పలక

1952 ఎండాకాలం. మైదుకూరులో వడ్రంగి ఇమాం వలి కొట్టం. అక్కడికి రైతు గిడ్డయ్య చంకలో బొమ్మలు చెక్కిన చెక్కపలకతో వచ్చాడు.

“తీసుకోప్పా వలీ, నీ పలక నువ్వే పెట్టుకో. మా ఇంటికొద్దు.”

“కూచో గిడ్డన్నా. ఏమయింది? బొమ్మ యాదన్నా పగిలిందా?”

“పగిలింటే బాగుండు! ఇది వచ్చినప్పటి నుంచి ఇంట్లో నిమ్మళం లేదు. మా ఓబులమ్మ సంగతి నీకు తెల్సు గదా. ఎదిగిన పిల్ల, మాట రాదు, బుద్ధి ఇంకా పసిబిడ్డ బుద్ధే. అయినా పెట్టింది తినేది, గమ్మునుండేది.”

“ఇప్పుడేం జేస్తాంది?”

“అడుగుతాంది! చెంబు బొమ్మ మీద వేలు పెడితే నీళ్లియ్యల్ల. దువ్వెన మీద పెడితే తల దువ్వల్ల. నిన్న సంగటి పెడితే, ఈ అడ్డగీత ఉండాది సూడు, ‘వద్దు’ అనేదానికి గుర్తు, దాని మీద టపటపా కొట్టింది. మా ఇంట్లో నాకు ఎదురు చెప్పినోళ్లు ఇంతవరకూ ఎవురూ లేరు!”

“హహ్హ! ఇప్పుడొకరు పుట్టినారు.”

“నవ్వొద్దప్పా. అసలిది చేయమని నీకెవరు చెప్పినారు?”

“మీ ఇంటామె, లక్ష్మక్కే. ఓట్లప్పుడు వచ్చింది. ‘చదువు రానోళ్లకని డబ్బాల మీద గుర్తులు పెట్టినారు గదా వలీ, మాట రాని నా బిడ్డకెందుకు పెట్టగూడదు?’ అనింది. నేనేమంటా?”

“ఆయమ్మకు అన్నీ ఇట్లాంటివే తోస్తాయి.”

“బిడ్డకు పనికొస్తాందా, లేదా?”

“పనికొస్తాంది... శానా పనికొస్తాంది. మొన్న చెవి బొమ్మ చూపించి ఏడ్చింది. చూస్తే చెవిలో చీము. ఇంతకుముందయితే ఎందుకేడుస్తాందో ఎవురికీ తెలిసేది కాదు.”

“మరెందుకు ఎనక్కిస్తాండావు?”

“ఏమీ లేదు. ఎండ శానా ఉండాదప్పా.”

“ఎండ మాట ఇడిసిపెట్టు. తీసుకోమంటావు, పలకేమో చంకలో నుంచి తీయవు. సంగతేందో చెప్పు.”

“అదీ... పొద్దుగూకితే బిడ్డ వాళ్లమ్మ బొమ్మ చూపించి పిలుస్తాది. అవ్వ బొమ్మ చూపిస్తాది. ఆఖరికి ఎనుంబొట్టె, ఆ దూడ బొమ్మ గూడా చూపిస్తాది. నేను ఎదురుగానే కూచోనుంటా. నా బొమ్మ యాడుండాది వలీ?”

“లక్ష్మక్కే వద్దనింది.”

“ఎందుకంట?”

“‘బొమ్మ ఉంటే బిడ్డ పిలుస్తాది. ఆయప్ప పలకడు. ఆ పొద్దు బిడ్డ మనసు ఇరుగుతాది’ అనింది.”

“అట్లనిందా?”

“అనింది.”

“...తప్పేం అనలేదులే. పలుకుతాను వలీ. చెక్కుతావా?”

“ఈ మూల జాగా ఉండాది, చెక్కుతా. ఎట్ల చెక్కేది? తలగుడ్డ, మీసాలు, చేతిలో ఎద్దుల్ని పొడిచే ములుకోల?”

“ములుకోల వద్దు. నవ్వుతాండేటట్టు చెక్కు.”

“నువ్వు నవ్వింది నేనెప్పుడూ చూడలేదే గిడ్డన్నా!”

“నువ్వు చెక్కప్పా. అది చూసి నేను నేర్చుకుంటా.”