ఎడమవైపు గొలుసు

విమానాశ్రయంలో పదిహేడో గేటు ఎదురుగా ఆర్లెటా గ్రిగ్స్‌బీ చేపల దుకాణం. పెళ్లయినా ఆవిడను ఆ ఊరి మర్యాద ప్రకారం అందరూ మిస్ ఆర్లెటా అనే పిలుస్తారు. పొద్దున పదిన్నరకు నగర కార్యాలయం నుంచి క్వెంటిన్ మేబ్రీ అనే, కళ్లజోడు పెట్టుకున్న కుర్ర అధికారి వచ్చి, వంటగదిలో బల్ల పక్కనున్న స్టూలు మీద కూర్చుని ఫైలు తెరిచాడు. ఆ స్టూలు మీద కూర్చోవద్దని చెప్పడానికి ఆర్లెటాకు నోరు రాలేదు.

“అలా కాదు మిస్ ఆర్లెటా. మళ్లీ అడుగుతాను. ఈ దుకాణంలో నిర్ణయాలు ఎవరివి?”

“ఏం నిర్ణయాలు?”

“ఏవైనా. ఎవర్ని పనిలో పెట్టుకోవాలి, ఎవర్ని తీసేయాలి.”

“ఎవర్నీ తీసేయలేదే. అదిగో, కౌంటర్లో ఉందే లొరేన్, పదకొండేళ్ల నుంచి ఉంది. తీసేద్దామన్నా పోదు.”

“వినిపిస్తోంది అక్కా!”

“వినిపించాలనే అన్నాను లొరేన్. నువ్వు కౌంటరు చూసుకో.”

“సరే, చేపలు. ఏ చేప కొనాలో ఎవరు చెబుతారు?”

“చేపలవాడే చెబుతాడు. క్యాట్‌ఫిష్ బాగుంది తీసుకోండి అంటాడు. తీసుకుంటాం. కాఫీ ఇవ్వనా నాయనా?”

“వద్దండి. తనిఖీకి వచ్చినప్పుడు ఏమీ పుచ్చుకోకూడదు.”

“మంచినీళ్లు కూడానా?”

“మంచినీళ్లు కూడా.”

“ఆ రూలు రాసినవాడెవడో ఎవరింట్లోనూ కడుపునిండా తిని ఉండడు. అవునూ, మేబ్రీ అన్నావు కదూ. మీవాళ్లెవరు? మౌంట్ నెబో చర్చి పాటల బృందంలో ముందు వరసలో నిలబడే బెర్నిస్ మేబ్రీ నీకేమవుతుంది?”

“మా పెద్దమ్మ. మిస్ ఆర్లెటా, మీరు మాట దాటేస్తున్నారు.”

“దాటేయడం కాదు. ఎవరి పిల్లాడివో తెలియకుండా ఏం మాట్లాడను? ఆవిడ మోకాలు ఎలా ఉంది?”

“ఆపరేషన్ అయింది, నడుస్తోంది. ఇప్పుడు నా మాట వినండి. మా ఆఫీసుకు ఫిర్యాదు వచ్చింది. ఈ చోటు ఆడవాళ్ల వాటా కింద తీసుకున్నారు, నడిపేది మాత్రం మగవాడు అని. మీరు పేరుకేనట. బినామీ అని రాశారు.”

“ఎవరు?”

“చెప్పకూడదు.”

“ఐస్‌క్రీమ్ వాడు. పంతొమ్మిదో గేటు దగ్గర.”

“చెప్పకూడదన్నానా?”

“అయితే వాడే. ఈ చోటు మీద వాడికి ఎప్పటినుంచో కన్ను.”

“ఎవడైతేనేం. యజమానే స్వయంగా నడుపుతోందని నేను ఈ కాగితం మీద రాయాలి. రాయలేకపోతే మా పట్టీలోంచి మీ పేరు పోతుంది. పేరు పోతే నెలలో ఖాళీ చేయాలి. ఈ వరసంతా లీజుకు తీసుకున్న కంపెనీకి ఏముంది, తన కోటా నిండడానికి ఇంకో ఆవిడను తెచ్చుకుంటుంది.”

“తెలుసు నాయనా. పద్దెనిమిదేళ్ల నుంచి తెలుసు. మేం దరఖాస్తు పెట్టిన ఏడాది నల్లవాళ్ల వాటా నిండిపోయింది. ఆడవాళ్లకని ఒక్క చోటు మిగిలింది. అదే ఇది.”

“మరి చెప్పండి. నడిపేది ఎవరు?”

“ఊఁ.”

“ఊఁ అంటే ఏం రాసుకోను?”

“అక్కా! డెట్రాయిట్ విమానం ఆలస్యమట. జనమంతా ఇటే వస్తున్నారు. క్యాబేజీ ఉందా?”

“తరుగుతున్నాను లొరేన్! ఏమనుకోకు నాయనా, చెయ్యి ఆడిస్తూ మాట్లాడతాను.”

“తరగండి, నాకేం తొందర లేదు... అదేమిటి, అలా తిరిగారేం?”

“ఎలా?”

“అటు తిరిగి, చెయ్యి మెలిపెట్టి తరుగుతున్నారు.”

“కత్తికి గొలుసుంది కదా. అందదు.”

“గొలుసు ఉండాల్సిందే. చెకింగ్ దాటి లోపలికొచ్చాక ఏ దుకాణంలోనైనా కత్తిని బల్లకు కట్టేయాలి, ఆ రూలు నాకు తెలుసు. నేనడిగేది, దాన్ని బల్లకు ఎడమవైపున బిగించారేం అని. ఇందాక నా ఫైల్లో సంతకం కుడిచేత్తో పెట్టారు మీరు.”

“అలవాటైపోయింది.”

“పద్దెనిమిదేళ్లూ ఇలాగే తరిగారా?”

“లేదు.”

“మరి ఎవరు తరిగారు?”

“రోస్కో.”

“రోస్కో గ్రిగ్స్‌బీ. మీ ఆయన. మీరిచ్చిన జాబితాలో ‘వంట సహాయకుడు’ అని ఉంది. ఫిర్యాదులో ఉన్న పేరు కూడా అదే. ఎడమచేతి వాటమా?”

“పూర్తిగా. పెళ్లిలో ఎడమచేతికి తొడగాల్సిన ఉంగరం నా కుడిచేతికి తొడగబోయాడు. పాస్టరు గారికి నవ్వాగలేదు, ప్రార్థన మధ్యలో.”

“ఆయనెక్కడ?”

“లేడు.”

“అది కనిపిస్తూనే ఉంది. ఎన్నింటికొస్తాడు?”

“ఇవాళ రాడు.”

“రేపు?”

“రేపూ రాడు.”

“చూడండి మిస్ ఆర్లెటా, మనిషిని దాచిపెడితే అనుమానం ఇంకా పెరుగుతుంది. ఫోన్ కలపండి. రెండు ముక్కలు అడిగి వదిలేస్తాను. వెనక ఉండి నడిపేది ఆయనేనా—”

“వెనకే ఉండేవాడు. నువ్వు కూర్చున్నావే, ఆ స్టూలు మీద.”

“ఉండేవాడా?”

“జనం వచ్చేస్తున్నారు. నూనె కాగిందో లేదో చూడాలి.”

“నూనె నేను చూస్తాలే అక్కా. నువ్వు చెప్పు. లేకపోతే నన్ను చెప్పమంటావా?”

“వద్దు లొరేన్. నేను చెబుతాను.”

“ఏమిటండీ?”

“ఏప్రిల్ పదకొండున. ఇంట్లోనే. ఇక్కడికి బయలుదేరుతూ, మంచం మీద కూర్చుని బూట్ల తాళ్లు కట్టుకుంటున్నాడు. ఒక బూటుకే కట్టాడు.”

“అయ్యో... నాకు తెలియదండీ. మా ఫైల్లో ఎక్కడా లేదు.”

“మీ ఫైల్లో ఎందుకుంటుంది? విమానాశ్రయంలోకి రానిచ్చే బ్యాడ్జీల ఆఫీసు వేరు, మీ ఆఫీసు వేరు. వాళ్లకు తెలుసు. ఆయన బ్యాడ్జీ తిరిగివ్వమని మూడు ఉత్తరాలు రాశారు. తీసుకెళ్లి ఇచ్చాను. అందులో ఫొటో బాగా పడింది. అదొక్కటీ కత్తిరించి ఇస్తావా తల్లీ అని అడిగాను అక్కడి అమ్మాయిని. రూలు ఒప్పుకోదంది. నా ఎదురుగానే దానికి చిల్లు కొట్టింది.”

“నేను లేస్తాను. ఈ స్టూలు—”

“కూర్చో. ఎవరో ఒకరు కూర్చోవాలి కదా.”

“ఐదు నెలలైంది. అప్పటినుంచి ఇదంతా ఎవరు చూస్తున్నారు?”

“ఎవరున్నారు చూడ్డానికి? పొద్దున్నే వస్తాను. పిండి కలుపుతాను. నూనె మారుస్తాను. కత్తులు మూడూ ఉన్నాయని పుస్తకంలో సంతకం పెడతాను. మొన్న ఫ్రిజ్ పాడైతే ఎవరికి ఫోన్ చేయాలో తెలియక, ఆయన ఫోన్లో పేర్లన్నీ ఒక్కొక్కటే చదివాను. ‘చల్లబ్బాయి’ అని రాసుకున్నాడు. ఫ్రిజ్ బాగుచేసేది వాడేనని తేల్చడానికి అరగంట పట్టింది. జూన్లో ఒకణ్ని పనిలోంచి తీసేశాను.”

“ఎవర్నీ తీసేయలేదన్నారు?”

“రోస్కో అయితే తీసేవాడు కాదు. వాడి గోడంతా విని అడ్వాన్స్ ఇచ్చి పంపేవాడు.”

“ఇంటి దగ్గర ఎవరైనా తోడున్నారా?”

“అదీ మీ కాగితంలో ఉందా?”

“లేదు. ఊరికే అడిగాను.”

“మిగిలిన చేప పొట్లం కట్టుకుని వెళతాను. ఇంటి ముందు కారాపి, కారులోనే తిని లోపలికెళతాను. వంటింట్లో దీపం వెయ్యాల్సిన పని ఉండదు.”

“మిస్ ఆర్లెటా... మొదట్లోనే చెప్పొచ్చు కదండీ. అరగంట నుంచి మిమ్మల్ని దొంగను అడిగినట్టు అడుగుతున్నాను. ఇక ఫిర్యాదులో ఏముంది? వెనక నుంచి నడిపే మగవాడే లేనప్పుడు—”

“అదిగో. ఆ మాట అంటావనే చెప్పలేదు.”

“ఏ మాట?”

“ఆయన పోవడం నాకు కలిసొచ్చింది అనే మాట.”

“నేనలా అనలేదు!”

“నువ్వనలేదు. నీ కాగితం అంటుంది. దుకాణం నిలబెట్టుకోవాలంటే నాకెవరూ లేరని నేను రుజువు చేయాలి. చేశాను కదా. ఇంకేం కావాలి?”

“ఒక్కటే కావాలి. అది మీ నోటివెంట రావాలి. మీరు అన్నది అన్నట్టే రాస్తాను, రాశాక ఒక్క అక్షరం మార్చడానికి లేదు. అడగనా?”

“అడుగు.”

“ఈ దుకాణాన్ని నడిపేది ఎవరు?”

“ఉల్లిపాయలు కూడా తరగాలి.”

“మిస్ ఆర్లెటా!”

“రావడం లేదు నాయనా. ఏం చేయను?”

“ఒక్క మాటండీ. పాత ఫైలు నిన్న కూర్చుని చదివాను. మూడేళ్లకొకసారి మావాళ్లు వచ్చారు, మొత్తం ఆరుసార్లు. ఆరుసార్లూ గుక్కతిప్పుకోకుండా చెప్పారు మీరు. చేపలు కొనేదెవరు? నేనే. మనుషుల్ని పెట్టేదెవరు? నేనే. ధరలు వేసేదెవరు? నేనే. మా పాత అధికారి పక్కన రాసి మరీ వెళ్లాడు, ఇంత స్పష్టంగా చెప్పిన యజమానురాలిని చూడలేదని. ఇవాళేమైంది మీకు?”

“ఆయన చదివించేవాడు.”

“ఎవరు?”

“రోస్కో. మీవాళ్లు వస్తున్నారని కబురు రాగానే, ఇంట్లో బల్ల దగ్గర టై కట్టుకుని కూర్చునేవాడు. ఆయనకున్నది ఒక్కటే టై, పెళ్లిది. కళ్లజోడు ముక్కు మీదికి జార్చి, ‘మిసెస్ గ్రిగ్స్‌బీ, చేపలు కొనేదెవరు?’ అని గొంతు మార్చి అడిగేవాడు. మేమిద్దరం అన్నానంటే గరిటెతో బల్ల మీద ఒక్కటి కొట్టేవాడు. ‘ఇద్దరం కాదు, నేనే అను. మళ్లీ అను.’ నేను నవ్వు ఆపుకోలేక టేబుల్ గుడ్డ నోట్లో కుక్కుకునేదాన్ని. అంతకుముందు మూడో తరగతికి పాఠాలు చెప్పేదాన్ని. నాచేతే పాఠం అప్పజెప్పించుకునే మొగుడు దొరికాడని చర్చిలో అందరికీ చెప్పుకునేదాన్ని.”

“భయపడతారని చదివించేవాడన్నమాట.”

“ఈసారి నీ ఉత్తరం వచ్చాక, రాత్రి బల్ల దగ్గర కూర్చున్నాను. నేనే ప్రశ్న వేసుకున్నాను, నేనే జవాబు చెప్పుకున్నాను. గరిటె కూడా తీసి పెట్టుకున్నాను. కుదరలేదు.”

“అక్కా, క్యాబేజీ!”

“తెస్తున్నా లొరేన్. ఇదిగో, గిన్నె అందుకో.”

“మిస్ ఆర్లెటా, ఒక పని చేద్దాం. ఆ గొలుసు కుడివైపుకి మార్పించమని విమానాశ్రయం వాళ్లకు నేను రాయనా? ఐదు నిమిషాల పని. చెయ్యి నొప్పి తగ్గుతుంది మీకు.”

“వద్దు. అది అక్కడే ఉండనీ.”

“సరే. ఉండనిద్దాం. ఇక చివరిసారి అడుగుతున్నాను. దీని తర్వాత నేను ఖాళీ వదిలేసి వెళ్లిపోవాలి. ఖాళీ అంటే తెలుసు కదా, దుకాణం పోయినట్టే.”

“ఆయన అడిగినట్టు అడుగు.”

“ఎలా?”

“కళ్లజోడు కొంచెం కిందికి దించు. ఆఁ, అలా.”

“మిసెస్ గ్రిగ్స్‌బీ, ఈ దుకాణాన్ని నడిపేది ఎవరు?”

“నేనే.”

“హమ్మయ్య! చూశారా, ఎంత తేలికో. ఆరుసార్లూ చెప్పినట్టే చెప్పారు.”

“దాన్ని కూడా రాసుకో నాయనా. ఆరుసార్లూ అంత తేలిగ్గా వచ్చింది అబద్ధం కాబట్టే. అది నిజమైంది ఏప్రిల్ పదకొండు నుంచే.”