మంత్రగత్తె తెచ్చిన టీ

ఆఫీసు మెట్ల కింద టీ కొట్టు దగ్గర బావ చొక్కా చేతులు పైకి మడిచాడంటే, వినేవాళ్ళ టీ చల్లారిపోయినట్టే. మాటలు కోటలు దాటించే మనిషి. అక్క మొగుడు, పైగా ఉద్యోగంలో పెద్దవాడు కాబట్టి మరదలు ఎప్పుడూ నవ్వుకుని ఊరుకునేది. ఇవాళ మాత్రం ఊరుకునేలా లేదు. బావ రాసిన రిపోర్టు ఇప్పుడే చదివింది. అది కస్టమర్‌కి వెళ్ళిందా, మనిషి నవ్వులపాలే. టీమ్ లీడర్ని అయిపోయినట్టేనని అక్కకి అప్పుడే చెప్పేసుకున్నాడు కూడానూ.

"బావా, ఒక్క మాట..."

"ఆగవే, కథ అవనీ." బావ బల్ల మీదికి వంగాడు. "ఏముందండీ, చిన్న పనే. తమ కంప్యూటర్ల తాళాలు గట్టిగా ఉన్నాయో లేవో చూసి చెప్పమని కంపెనీలే మమ్మల్ని పిలుస్తాయి కదా. ఈ ప్రోగ్రాములు రాసేవాళ్ళున్నారే, నడిచే ప్రోగ్రాముని దూరం నుంచి ఆపి తప్పులు వెతుక్కోడానికి ఓ దొడ్డితలుపు పెట్టుకుంటారు. డీబగ్ తలుపంటాం. పనయ్యాక మూసెయ్యాలి. మూస్తారా? మూయరు! పాస్‌వర్డ్ ఉండదు, పాడూ ఉండదు, దారిన పోయే దానయ్య కూడా దూరొచ్చు. పొద్దున ఓ కంపెనీది నేనిలా తట్టానో లేదో, అలా తెరుచుకుంది."

"అంతేనా?" అన్నాడు టీ కొట్టాయన.

"అంతేనా అంటారేంటండీ! లోపలికెళ్ళి 'ఆగు' అన్నాను. ప్రోగ్రాం ఆగింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? వాళ్ళ లిఫ్టులు ఎక్కడివక్కడే ఆగాయి. ఫ్యాన్లు ఆగాయి. మేనేజరుకి తుమ్ము రాబోయి ముక్కులోనే ఆగిపోయింది. నేను మళ్ళీ 'కానీ' అంటే గానీ తుమ్మలేదు పాపం!"

"మీకెలా కనిపించిందండీ ఆ తుమ్ము?" అన్నాడు పక్కన టీ తాగుతున్న ఆఫీసు అకౌంటెంటు.

"కెమెరా తెరిచానుగా! బొమ్మ చిన్నది, మసకమసకగా ఉంది. అవతల కుర్చీలో ఒకడు, గళ్ళ చొక్కా, అబ్బో, గట్టి పిండం! నేను కనుబొమ్మ ఎగరేస్తే వాడూ ఎగరేశాడు. వేలు చూపించి బెదిరిస్తే వాడూ బెదిరించాడు. నేనో దెబ్బ వేస్తే ఇక్కడ నా కంప్యూటరే బిగుసుకుపోయింది! ఎత్తుకి పైఎత్తు!"

అకౌంటెంటు బావ చొక్కా కేసి చూశాడు. గళ్ళే. తల దించుకుని టీ ఊదుకున్నాడు.

బావకి అవేం పట్టలేదు. "అది చాలదన్నట్టు వాడికి సాయం ఒకత్తి! వెనకాల నించుంది, చేతిలో రెండు కప్పులు, గుడ్లు మిటకరించుకుని చూస్తూ అచ్చం మంత్రగత్తె. ఏం కలిపిచ్చిందో ఏమో, అది తాగాక వాడికి బలం రెట్టింపైంది. అయినా వదిలానా? మా ఇద్దరి పోరుకీ సగం ఊరికి కరెంటు పోయింది, పైన ఓ ఉపగ్రహం దారి తప్పి, దణ్ణం పెట్టి మరీ నన్ను దారి అడిగింది. ఇదిగో, రిపోర్టు మీ కళ్ళముందే పంపిస్తున్నా!"

ఫోను మీద వేలు ఆనబోతుంటే మరదలు చటుక్కున చెయ్యి పట్టుకుంది.

"బావా, ఆ మంత్రగత్తెని నేనే."

"నువ్వా? వాళ్ళ ఆఫీసులో నీకేం పని?"

"వాళ్ళ ఆఫీసు కాదు, మనదే. పొద్దున నీకూ నాకూ టీ తెచ్చి నీ వెనకే నించున్నాను, నీ పాటికి నువ్వు తెరకి వేలు చూపించి బెదిరిస్తుంటే ఏమైందా ఈయనకి అని చూశాను. రిపోర్టులో అడ్రసు చూడు. కంపెనీది కాదు, ఏ కంప్యూటరైనా తనని తాను పిలుచుకునే అడ్రసు కొట్టావు. మనింటి తలుపు మనమే తట్టి దొంగ దొరికాడన్నట్టుంది. పోయిన వారం నేర్చుకోడానికని నీ కంప్యూటర్లో నువ్వే తెరిచిన తలుపు అది."

టీ కొట్టాయన పొయ్యి వైపు తిరిగిపోయాడు, భుజాలు మాత్రం అదురుతున్నాయి. బావ తన చొక్కా వంక చూసుకున్నాడు. ఫోను జేబులో పెట్టేసి గొంతు సవరించుకున్నాడు.

"చూశారా మరి! నా కంప్యూటర్లోకి దూరాలంటే నేనే దిగి రావాలి. ఇంకొకడి వల్ల అవుతుందా?"

"ఎవరి వల్లయినా అవుతుంది బావా," అంది మరదలు, అతని గ్లాసు చేతికందిస్తూ. "తలుపు ఇంకా తీసే ఉంది."